సీలు విప్పని పెట్టె

బెజవాడ వించిపేటలో మేముండే ఇల్లు రెండో అంతస్తులో ఉంది. కింద ట్రంకుపెట్టెల దుకాణం, దాని పైన ఆ దుకాణం వారి సామాను గది, ఆ పైన మేము. వీధి నుంచి మా గుమ్మం దాకా ఇరుకైన సిమెంటు మెట్లు మలుపులు తిరుగుతూ వస్తాయి. అడుగుల చప్పుడును బట్టి వచ్చేదెవరో చెప్పగలిగేంత కాలంగా ఆ ఇంట్లో ఉన్నాం. పాలు పోసే ఆయన రెండేసి మెట్లు ఒక్కసారే ఎక్కుతాడు. అమ్మీ మలుపు మలుపుకూ ఆగి, గోడకు చేయి ఆనించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కేది. మా తమ్ముడు అమన్ మాత్రం కింది మెట్టు మీద కాలు పెడుతూనే కేక వేసేవాడు.

"అమ్మీ, ఇంకో కంచం."

వాడు ఒంటరిగా భోజనానికి వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. స్టూడియోలో పరిచయమైన ఫొటోగ్రాఫరో, బస్సు తప్పిపోయిన కొండపల్లి పెళ్లివారిలో ఒకరో, ఎవరో ఒకరు వాడి వెనుక మొహమాటపడుతూ మెట్లెక్కేవారు. ఒకసారి దారి అడిగిన లారీ డ్రైవరును కూడా తీసుకువచ్చాడు. అమ్మీ నోటితో తిడుతూనే చేత్తో దాల్చాలో నీళ్లు కలిపేది.

"ముందుగా చెప్పవు కదరా. నీకు స్నేహితులు ఊరికే దొరుకుతారు. నాకు పప్పు ఊరికే దొరకదు."

"నీళ్లు ఊరికే దొరుకుతాయి కదమ్మీ" అనేవాడు వాడు.

అమన్ పెళ్లి ఆల్బమ్‌లు డిజైను చేసేవాడు. పేజీలు ఫొటోగ్రాఫర్లకు పంపడానికి వీలుగా ఇంటికి బ్రాడ్‌బ్యాండు పెట్టించాడు. మోడెంను కిటికీ పక్కనున్న చెక్క అరలో ఉంచాడు. దాని పక్కనే దోమల చుట్ట వెలిగించి నిద్రపోయినందువల్ల ఒక మూల కరిగి, లోపలికి వంగిపోయింది. దాని నుదుటి మీద వరుసగా నాలుగు ఆకుపచ్చ దీపాలుండేవి. మిగిలినవి నిలకడగా వెలిగేవి. మూడోది మాత్రం లైను మీద ఏదైనా వస్తూ పోతూ ఉన్నప్పుడే మినుకుమినుకుమనేది. "అది ఊపిరి తీసుకుంటున్నట్లు లెక్క ఆపా" అని అక్కనైన నాకు చెప్పాడు.

2008 జూలైలో, వానలో, గన్నవరం నుంచి మోటారు సైకిలు మీద తిరిగివస్తూ అమన్ పోయాడు. ఆస్పత్రివారు వాడి వస్తువులు ఒక సంచిలో వేసి ఇచ్చారు. సిగరెట్టు మానడం కోసం జేబులో ఉంచుకునే లవంగాల డబ్బీ అందులో ఉంది. కుడికాలి చెప్పు ఉంది. ఎడమది దొరకలేదన్నారు. ఆ రోజు గురించి ఇంతకు మించి వ్రాయను.

మావైపు ముస్లిం ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. పోయినవారు గురువారం సందెవేళ తమ ఇల్లు చూసుకోవడానికి వస్తారని అంటారు. ఆ పూట ఊదు వేసి, వారికి ఇష్టమైనది వండి, కంచం ముందుపెట్టుకుని వారి పేర ఫాతెహా చదువుతారు. తలుపు ఓరగా తీసి ఉంచుతారు. ఇవన్నీ నమ్మవద్దని మా మసీదు ఇమాం సాబ్ చెబుతూనే ఉంటారు. ఆ మాట ఎవరో గుర్తు చేస్తే అమ్మీ ఒకటే అన్నది.

"ఇమాం సాబ్ కొడుకు బతికే ఉన్నాడు."

నలభయ్యో రోజు దాటాక వచ్చిన గురువారం, అమ్మీ బగారా అన్నం, దాల్చా ఒక కంచంలో పెట్టి తల మీద కొంగు సవరించుకుంది. కంప్యూటరు ఆపి ఉంది. దాని ప్లగ్గు కూడా నేనే తీసి పెట్టాను. కిటికీ అరలో మూడో దీపం మినుకుమంది. ఆగింది. మళ్లీ మినుకుమంది. వాన వాసన, ఊదు వాసన దాటుకుని సన్నగా లవంగం వాసన వచ్చింది.

"వచ్చాడు" అన్నది అమ్మీ. వీధిలో కూరగాయల బండి వచ్చిందని చెప్పినంత మామూలుగా అన్నది.

నేను ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆధారం లేని వాక్యం వ్రాయవద్దని పిల్లలకు చెప్పేదాన్ని. అందుచేత ఆధారాలు వెతికాను. పక్కింటివారికి మా లైను అందదు. గాలికి తీగ కదలడం లేదు. మిగతా రోజుల్లో దీపం మినుకుమనడం లేదు. ఫాతెహా ముగిసి అమ్మీ కంచం ఎత్తగానే అది నిలిచిపోతున్నది. కొన్ని వారాలు గమనించాక వెతకడం మానేశాను. గురువారం సాయంత్రం బడి నుంచి నేరుగా ఇంటికి వచ్చి, అరకు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాను.

నవంబరులో ఫోను వచ్చింది.

"అమన్ గారితో మాట్లాడవచ్చా అండీ?" అంది ఒక అమ్మాయి.

"నేను ఆయన అక్కను. చెప్పండి."

"మీ ఏడాది ప్లాను అయిపోతోందండీ. రెన్యూ చేస్తే కొత్త మోడెం ఫ్రీ అండీ. పాతది మావాళ్లు వచ్చి తీసుకెళతారు."

"రెన్యూ చేయండి. కొత్త మోడెం వద్దు. పాతది బాగానే పనిచేస్తోంది."

"ఫ్రీ అండీ మేడమ్."

"విన్నాను. వద్దు."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. "వద్దనడానికి మా సిస్టంలో ఆప్షన్ లేదండీ" అంది ఆ అమ్మాయి, నిజంగానే నొచ్చుకుంటూ.

వారంలో కొరియరులో పెట్టె వచ్చింది. తిరిగి తీసుకోమని ఫోను చేశాను. కొత్త మోడెంతో ఇబ్బంది ఉన్నదని నా మాటను నమోదు చేసుకుని, దానికి బదులుగా ఇంకొకటి పంపారు. రెండోసారి మరింత స్పష్టంగా, పిల్లలకు ఉక్తలేఖనం చెప్పినట్లు ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను. మూడోది వచ్చింది. మూడింటినీ కంప్యూటరు బల్ల కింద ఒకదానిపై ఒకటి పేర్చాను. పాత దానిని ముట్టుకోలేదు.

ఆ గురువారం వాన లేదు. సందెవేళ మగ్రిబ్ అజాన్ ముగిసి వీధిలో సందడి కాస్త తగ్గింది. అమ్మీ లోపలి గదిలో నమాజులో ఉన్నది. దాల్చా కంచం మూత కింద ఆవిరి కక్కుతోంది. మూడో దీపం మినుకుమంది. లవంగం వాసన వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

తరువాత ఇంకో వాసన వచ్చింది.

మా ఇంట్లో ఎన్నడూ లేని వాసన అది. పసుపు, కర్పూరం, తడిసిన చామంతి పూలు. దాని వెనుకే నీలగిరి తైలం ఘాటు. కళ్లు తెరిచాను. బల్ల కింద చీకట్లో అన్నిటికన్నా పైనున్న పెట్టె అట్టల సందుల్లోంచి ఆకుపచ్చని వెలుగు గీతలా కనబడుతోంది. ఆరుతోంది... వెలుగుతోంది. ఆ పెట్టెకు తీగ లేదు. కరెంటు లేదు. టేపు కూడా విప్పలేదు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. రబ్బరు చెప్పుల అడుగులు. మాకు తెలిసినవారివి కావు. అవి గుమ్మం దాకా వచ్చి ఆగాయి. ఓరగా ఉన్న తలుపు అవతల ఎవరో నిలబడినట్లు సందులోని వెలుతురు తగ్గింది.

"కిరీటీ..." అన్నది ఒక ముసలి గొంతు, గుసగుసగా. "తలుపు తీయి నాన్నా."

లేచి తలుపు దగ్గరకు వెళ్లాను. ఆ సందులోంచి చూడలేదు. చేత్తో తలుపు పట్టుకుని చెప్పాను.

"ఇది మీ ఇల్లు కాదండీ."

"మా మిషను ఇక్కడే ఉందిగా తల్లీ..."

"అది పొరపాటున వచ్చిందండీ. మీవాళ్లు ఇక్కడ లేరు."

నీలగిరి తైలం వాసన దగ్గరైంది. ఇంకో గొంతు, దగ్గుతో బొంగురుపోయినది, చాలా మెల్లిగా అడిగింది.

"మా ఆమోసు అన్నం తిన్నాడా?"

అప్పుడే, బాగా కింద, వీధి వైపు మెట్ల మీద, మూడో మనిషి అడుగులు మొదలయ్యాయి. అవి మెల్లిగా ఎక్కుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ ఎక్కుతున్నాయి. ఆ అడుగుల వెంట గొంతు లేదు. వాసన లేదు. ఎక్కడో విన్న నడకలా అనిపించింది, కానీ ఎవరిదో తోచలేదు... లోపల అమ్మీ సలాం చెప్పి నమాజు ముగించింది. ఆ మాటతో అడుగులు ఆగిపోయాయి. దిగి వెళ్లిన చప్పుడు మాత్రం నేను వినలేదు.

"ఎవరితో మాట్లాడుతున్నావు అర్ఫా?" అన్నది అమ్మీ.

"దారి తప్పి వచ్చారు అమ్మీ" అన్నాను.

ఆ తరువాతి సోమవారం కంపెనీ తరఫున లైన్లు చూసే మనిషి వచ్చాడు. నలభై ఏళ్లవాడు. భుజాన సంచి, చేతిలో హెల్మెట్టు.

"నమస్తే మేడమ్. ఊరికే ఇస్తామంటే వద్దన్న కస్టమర్‌ను ఒకసారి కళ్లారా చూద్దామని నేనే వచ్చాను. మిగతావాళ్లంతా ఇంకోటి ఇమ్మని నా ప్రాణం తీస్తారు" అని నవ్వాడు. "కొత్తది బిగించి, పాతది పట్టుకెళ్లాలండీ. ఐదు నిమిషాల పని."

అమ్మీ ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చింది. "తాగు నాయనా. మోడెం తప్ప ఈ ఇంట్లో ఏది కావాలన్నా పట్టుకుపో. ఆ బీరువా కూడా అడ్డంగానే ఉన్నది."

"బీరువాకు మా కంపెనీలో స్కీము లేదమ్మా" అన్నాడతను.

నేను అరకు అడ్డంగా నిలబడ్డాను. "మీ పేరేమిటండీ?"

"ఆమోసు, మేడమ్."

నా చేతిలోని టీ కప్పు కిందపెట్టాను. అమ్మీ వంటగదిలోకి వెళ్లేదాకా ఆగాను.

"ఆమోసు గారూ, ఈ పెట్టెల్లోవి కొత్తవేనా?"

"కొత్తవే... అంటే, కొత్తవాటితో సమానం. తిరిగి వచ్చినవి తుడిచి, చూసి, మళ్లీ పెట్టెలో వేసి ఇస్తాం."

"ఎవరి దగ్గర్నుంచి తిరిగి వస్తాయి?"

"ఇల్లు మారినవాళ్లు ఇస్తారు. ప్లాను మార్చుకున్నవాళ్లు ఇస్తారు." హెల్మెట్టు పక్కన పెట్టాడు. "వాడే మనిషి పోతే, ఇంకెందుకులే అని ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు."

పైపెట్టె తెరిచి చూడమన్నాను. అతను తాళంచెవితో టేపు కోసి మోడెం బయటికి తీశాడు. పైకి తెల్లగా, శుభ్రంగా ఉన్నది. గాలి ఆడే సన్నని సందుల లోపల మాత్రం ఎర్రగా ఏదో పేరుకుని ఉన్నది.

"కుంకుమ" అన్నాడు. "దసరాకు ఆయుధపూజ చేసి బొట్టు పెట్టుంటారు. బెజవాడలో సగం మిషన్లు ఇంతే. పైన తుడుస్తాం గానీ, సందుల్లోకి దిగింది పోదండీ."

రెండోది తీశాడు. తిరగేశాడు. అడుగున స్టిక్కరు గీకిన గుర్తు, ఐదు కోణాల నక్షత్రం ఆకారంలో, జిగురుతో మిగిలి ఉన్నది. అతని బొటనవేలు దాని మీద అలాగే ఉండిపోయింది.

"ఇది ఎక్కడిదో మీకు తెలుసు" అన్నాను.

"క్రిస్మస్‌కు మా అమ్మ అంటించింది." గొంతు తగ్గించాడు. "ఈస్టరు ముందు పోయింది మేడమ్. పాటలు వినేది దీంట్లో. ఇంక వినేవాళ్లు లేరు కదా అని ఆఫీసులో ఇచ్చేశాను. నేనే గీకాను ఈ స్టిక్కరు."

చెప్పాలా వద్దా అని నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. "గురువారం సందెవేళ ఆవిడ మా గుమ్మం ముందు నిలబడ్డారు. మీరు అన్నం తిన్నారా అని అడిగారు."

అతను నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. మోడెంను రెండు చేతులా పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"నీలగిరి తైలం వాసన వచ్చిందాండీ?"

"వచ్చింది."

"మీరేం చెప్పారు?"

"ఏమీ చెప్పలేకపోయాను."

వంటగదిలో గిన్నె చప్పుడు వినిపిస్తోంది. ఆమోసు మోడెంను పెట్టెలో పెట్టలేదు. చొక్కా గుండీ విప్పి, గుండెకు ఆనించి లోపల పెట్టుకున్నాడు, వానలో పుస్తకాన్ని దాచుకున్నట్లు.

"ఇప్పుడు చెప్పండి ఆమోసు గారూ. మా అమన్ మిషను మీకిస్తే, రేపు వాడు ఏ పేటలో, ఎవరి మెట్ల మీద నిలబడి అన్నం అడగాలి?"

"అడగనక్కర్లేదు మేడమ్. నేను తీసుకెళ్లను." అతను లేచాడు. "కానీ లైను హైదరాబాదు నుంచి ఆపేస్తారు. పాతది అందకపోతే గురువారంతో కట్. అది నా చేతిలో లేదు."

"ఆపనివ్వండి."

"కుంకుమ ఉన్నదాన్ని నాకివ్వకండి. ఇస్తే మళ్లీ ఎవరింటికో పంపేస్తారు."

"ఇవ్వను. కిరీటి అనే మనిషి ఇల్లు ఎక్కడో వెతికి పెట్టండి. నేనే అప్పగిస్తాను."

అతను తల ఊపి, బల్ల కింద మిగిలిన పెట్టెను వేలితో చూపించాడు. "అది ఒక్కటే అసలైన కొత్తది. ఫ్యాక్టరీ సీలు అలాగే ఉంది చూడండి. ఇంకా ఎవరింట్లోనూ లేదు. మీ ఇంటి కోసమే వచ్చింది."

గురువారం నాటికి తుపాను వచ్చింది. మధ్యాహ్నమే బడికి సెలవు ఇచ్చారు. నేను ఇల్లు చేరేసరికి కృష్ణ మీద నుంచి వచ్చే గాలి వీధిలో రేకులను ఎత్తి పడేస్తున్నది. ఆకాశం బొగ్గు రంగుకు తిరిగింది. పొద్దు గుంకకముందే, అస్రు నమాజు వేళకే ఇళ్లలో దీపాలు పెట్టుకున్నారు. కాసేపటికి ఆ దీపాలూ పోయాయి. వన్‌టౌను మొత్తం చీకటైంది.

కరెంటు పోకముందే మోడెంలో రెండో దీపం, మూడో దీపం ఆరిపోయాయి. లైను తీసేశారు. అన్న మాట నిలబెట్టుకున్నారు.

అమ్మీ లాంతరు వెలుగులో బగారా అన్నం దించింది. నేను మోడెంను అర నుంచి తీసి, తీగలన్నీ ఊడదీసి, నా చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఎందుకలా చేశానో చెప్పలేను. ఎవరో వచ్చి లాక్కుంటారని అనిపించింది.

"తలుపు తీయి" అన్నది అమ్మీ.

"లైను లేదమ్మీ. వాడెలా వస్తాడు?"

"వాడేమన్నా తీగ పట్టుకుని వస్తాడా? తలుపు తీయి."

ఓరగా తీశాను. గాలి తలుపును నెట్టింది. భుజంతో ఆపాను. అజాన్ ఈ హోరులో వినబడలేదు. అమ్మీ అంచనా మీద చాప పరుచుకుని లోపలి గదిలో నమాజుకు నిలబడింది. లవంగం వాసన కోసం ఎదురుచూశాను. రాలేదు. తడి సిమెంటు వాసన. ఊదు పొగ. నా ఒళ్లో ప్లాస్టిక్కు చల్లగా, బరువుగా, చచ్చినట్లు ఉన్నది.

అప్పుడు చామంతుల వాసన వచ్చింది.

రబ్బరు చెప్పులు... గుమ్మం ముందు ఆగాయి.

"కిరీటీ... వానగా ఉంది నాన్నా."

లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇది కిరీటి గారి ఇల్లు కాదండీ. ఇది అమన్ ఇల్లు. మిమ్మల్ని మీ ఇంటికి చేరుస్తాను, నా మాట నమ్మండి. కానీ మావాడు రానిదే ఈ గుమ్మం ఎవరినీ దాటనివ్వను."

"చలేస్తోంది తల్లీ..."

"నాకూ చలేస్తోందండీ."

గాలి ఒక్కసారి గట్టిగా కొట్టింది. లాంతరు ఆరింది. ఆ చీకట్లో, బల్ల కింద, సీలు విప్పని పెట్టె అట్టల సందుల్లో ఆకుపచ్చ గీత వెలిగింది. అది మినుకుమనలేదు. నిలకడగా వెలుగుతోంది.

కింద మెట్ల మీద ఆ అడుగులు మొదలయ్యాయి.

ఎక్కుతున్నాయి. ఆగుతున్నాయి... గోడకు అరచేయి ఆనించిన చప్పుడు. ఊపిరి. మళ్లీ ఎక్కుతున్నాయి. ఈసారి మధ్యలో నిలిచిపోలేదు. చివరి మలుపు దాకా వచ్చాయి. అక్కడ ఆగి, ఎవరో దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నారు. తలుపును రెండు చేతులా నొక్కాను. నెట్టేది గాలో, మరొకటో నాకు తెలియలేదు.

"పొండి" అన్నాను. "మీరెవరో నాకు తెలియదు. తెలుసుకోను కూడా. పొండి."

ఊపిరి... తలుపుకు చాలా దగ్గరగా.

అప్పుడు, అన్నిటికన్నా కింద, వీధి మెట్టు మీద ఒక చెప్పు టప్పుమంది. తరువాతి అడుగు చప్పుడు లేకుండా ఉత్తి పాదంతో పడింది. మళ్లీ చెప్పు. మళ్లీ ఉత్తి పాదం. ఒంటి చెప్పుతో ఎవరో మెట్లెక్కుతున్నారు.

"అమ్మీ, ఇంకో కంచం."

గాలి హోరులో కూడా ఆ కేక తేటగా వినబడింది. నా చున్నీ మడతల్లోంచి, తీగ లేని, కరెంటు లేని ఆ కరిగిన మూల మోడెంలోంచి, ఆకుపచ్చని వెలుగు మినుకుమినుకుమంటూ నా చేతుల మీద పడింది. లవంగం వాసన గదినిండా వచ్చింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, గెలిచినట్లు నిటారుగా నిలబడ్డాను. లైను వాళ్లది. తమ్ముడు మావాడు.

అమ్మీ చీకట్లోనే వంటగది వైపు నడిచింది. ఏ మార్పూ లేని గొంతుతో అడిగింది.

"ఎంతమందిరా?"

మెట్ల మీద కాస్త ఆలస్యమైంది. చెప్పాలో వద్దో తెలియనట్లు.

"ఇద్దరు, అమ్మీ."

"ముందుగా చెప్పవు కదరా" అన్నది అమ్మీ. దాల్చాలో నీళ్లు పోసిన చప్పుడు వినిపించింది. కంచాలు వేసిన చప్పుడు వినిపించింది.

నేను తలుపు వదిలేశాను. వాడి వెంట వచ్చినవారిని ఆ ఇల్లు ఎన్నడూ గుమ్మంలో నిలబెట్టలేదు. చల్లగాలి నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. మొదట లవంగం. తరువాత చామంతి. వాటి వెనుక ఇంకో వాసన, ఈసారి వచ్చింది. ఊదు, వక్కపొడి, ఉతికిన నూలుచీర. అది మా ఇంటి వాసనే కనుక నేను దానిని పట్టించుకోలేదు.

ఫాతెహా ముగిసేసరికి గాలి తగ్గింది. నా చేతుల్లో మోడెం మళ్లీ చల్లబడింది. తలుపు వేద్దామని లాంతరు వెలిగించి గుమ్మం దగ్గరకు వెళ్లాను.

బయట మూడు చోట్ల చెప్పులున్నాయి. ఒక పక్కగా, పసుపు అంటిన ముసలివారి రబ్బరు చెప్పులు. వాటి పక్కన ఒక్కటే చెప్పు, నల్లది, ఎడమకాలిది. కుడికాలిది మా బీరువాలో ఉన్నది.

గుమ్మానికి బాగా దగ్గరగా మూడో జత ఉన్నది. నీలం పట్టీల చెప్పులు. ఒక పట్టీ తెగితే ఎర్ర దారంతో కుట్టారు. అమన్ ఉండగా, కిందటి ఏడాది రంజానులో ఆ పట్టీ తెగింది. ఆ రోజు చెప్పులు కుట్టే ఆయన దగ్గర నీలం దారం లేదు. "ఏ దారమైతేనేం, నేనేమన్నా పెళ్లికి వెళ్తున్నానా" అని అమ్మీ అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

లోపలికి వెళ్లి అమ్మీ మంచం కింద చూశాను. నీలం పట్టీలు, ఎర్ర దారం. పొడిగా, దుమ్ము పట్టి ఉన్నాయి. అమన్ పోయాక అమ్మీ మెట్లు దిగలేదు. మలుపు మలుపుకూ ఆగిన ఆ నడక ఎవరిదో అప్పుడు గుర్తుపట్టాను. వంటగదిలో అమ్మీ కంచాలు కడుగుతూ, వాడిని ఇంకా మెల్లిగా తిడుతోంది.

తిరిగి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి మిగిలినవి లేవు. ఆ ఒక్క జతే ఉన్నది. తడిసి, నీళ్లు కారుతూ, ముందు భాగాలు మా ఇంటి వైపు తిరిగి ఉన్నాయి.

నేను వంగి వాటిని తీసుకున్నాను. అమ్మీకి చెప్పలేదు. వాటిని, సీలు విప్పని పెట్టెను కలిపి బీరువా అడుగు అరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెడలోని తాయెత్తు తాడుకు కట్టుకున్నాను. మెట్ల మీద ఎవరూ లేరు. అయినా వినవలసినవారికి వినబడేలా చెప్పాను.

"ఈ జత ఇవ్వను."

కిరీటి గారి ఇల్లు సత్యనారాయణపురంలో ఉన్నదని ఆమోసు కనుక్కున్నాడు. ఆ మోడెం పట్టుకుని నేనే వెళ్లాను. ఆయన భార్య కనకలక్ష్మి గారు ఆ సందుల్లోని కుంకుమను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "మా అత్తగారి చేతి బొట్టండీ" అన్నారు. ఇంకేమీ అడగలేదు. తలుపు రెండో రెక్క కూడా తెరిచారు. ఆ తరువాత చామంతుల వాసన మా మెట్ల మీదికి రాలేదు.

లైను లేకపోయినా గురువారం సందెవేళ మూడో దీపం మినుకుమంటూనే ఉంది. అమ్మీ ఎంతమందిరా అని అడుగుతుంది. ఒక్కణ్ణే అంటాడు వాడు. నేను ఆ మాట వినేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటాను.

కంపెనీ నుంచి ఇప్పటికీ ఫోను వస్తుంది. కొత్త మోడెం పెట్టుకున్నారా అండీ అని అడుగుతారు.

"పెట్టలేదు. పెట్టను" అంటాను.

అప్పటి నుంచి రెండు ఎండాకాలాలు గడిచాయి. పోయిన మే నెలలో, బెజవాడలో రోడ్డు మీది తారు కరిగి చెప్పులకు అంటుకున్న రోజున, బీరువా తెరిచి ఆ జతను డాబా మీద పెట్టి, నేను కూడా ఎండలో పక్కనే కూర్చున్నాను. పొద్దు వాలేదాకా కదలలేదు.

అవి ఇంకా ఆరలేదు.